ఇంటి కప్పు పెచ్చులు ఊడుతుంటే



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కట్టిన ఇల్లు కాపాడుకోవడం కూడా అంతే కష్టం. ఆ సంగతి చాలామంది మరిచిపోతారు.

మన రాష్ట్రంలో 1979లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. ఊరూరా కాలనీలు లేచాయి. పూరిపాకల్లో ఉన్నవాళ్ళు స్లాబు ఇళ్ళలోకి వచ్చారు. ఆ ఇళ్ళలో చాలావాటికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు. కప్పు లోపలివైపు నల్లబడింది. చెమ్మ దిగుతోంది. పెచ్చులు రాలుతున్నాయి.

పెచ్చు రాలితే ఇల్లాలు ఏం చేస్తుంది? చీపురు తీసుకుని ఊడ్చేస్తుంది. మళ్ళీ రాలితే మళ్ళీ ఊడ్చేస్తుంది. కాని ఊడ్చేస్తే జబ్బు పోదు. ఆ కప్పు కిందే పిల్లలు పడుకుంటారు. ముసలివాళ్ళు కూర్చుంటారు. అందుకే ఇది చిన్న సంగతి కాదు.

కప్పు ఎందుకు ఊడుతుంది?

స్లాబులో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి కాంక్రీటు. రెండోది ఇనుప ఊచలు. బరువు మీద పడ్డప్పుడు స్లాబు వంగకుండా పట్టి ఉంచేవి ఆ ఊచలే. స్లాబు అడుగున పలచగా సిమెంటు పూత పూస్తారు. దాన్నే ప్లాస్టరింగు అంటారు. తెలంగాణలో గిలాబు అంటారు.

ఊచ కాంక్రీటు లోపల ఉన్నంతకాలం దానికి రక్ష ఉంటుంది. పైన డాబా పగిలి నీళ్ళు దిగితే ఆ రక్ష పోతుంది. ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. మామూలు ఇనుము కంటే తుప్పుకు రెండింతలు, ఇంకా ఎక్కువ చోటు కావాలి. లోపల చోటు లేదు. అందుకని అది కింది కాంక్రీటును నెడుతుంది. పెచ్చు లేస్తుంది. ఒకనాడు ఊడి పడుతుంది.

ఇంకా కొన్ని కారణాలున్నాయి. స్లాబు పోసేటప్పుడు ఊచలను సరిగా ఎత్తి పెట్టకపోతే అవి అడుగుకి దిగిపోతాయి. ఊచ కింద కనీసం 20 మిల్లీమీటర్లు, అంటే ముప్పాతిక అంగుళం మందాన కాంక్రీటు ఉండాలి. ఉప్పునీళ్ళతో, ఉప్పు ఇసుకతో కలిపిన కాంక్రీటులో ఊచ తొందరగా తుప్పు పడుతుంది. నున్నటి స్లాబుకు గాట్లు పెట్టకుండా పూత పూసినా అది అతుక్కోదు.

కర్రతో కొట్టి చూడాలి

కుండ కొనేటప్పుడు ఆడవాళ్ళు ఏం చేస్తారు? వేలితో కొట్టి చూస్తారు. కప్పు సంగతీ అంతే. పొడుగాటి కర్ర తీసుకోవాలి. పక్కకు నిలబడి కప్పుకు మెల్లగా తట్టాలి. సరిగ్గా కిందనే నిలబడకూడదు. గట్టి చప్పుడు వస్తే పూత అతుక్కుని ఉంది. డొల్ల చప్పుడు వస్తే లోపల విడిపోయింది. డొల్లగా ఉన్నచోట బొగ్గుతో గీత గీసి పెట్టుకోవాలి. ఊడిన చోట ఊచ కనిపిస్తోందా, లేదా అన్నది కూడా చూడాలి.

పూత మాత్రమే ఊడితే పని చిన్నది. ఊచ కనబడితే పని పెద్దది. స్లాబు మధ్యకు కుంగినట్టు ఉన్నా, ఊచ సన్నబడిపోయినా, పగులు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగినా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. అది మేస్త్రి ఒక్కడు తేల్చే పని కాదు. గృహనిర్మాణ శాఖ ఇంజినీరుకో, పంచాయతీరాజ్ ఇంజినీరుకో చూపించాలి. అర్జీ రాసి ఇవ్వాలి. ఇంజినీరు చూసేదాకా స్లాబు మీద ఏ బరువూ పెట్టకూడదు. గడ్డివామి, నీళ్ళ డ్రమ్ము, కట్టెలమోపు, ఏదున్నా దించాలి.

ఒక అత్త, ఒక కోడలు

ఒక కాలనీలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఆడపడుచు, నాలుగేళ్ళ మనవడు. ఆడపడుచు పెళ్ళి కుదిరింది. ఇంక రెండు నెలలే ఉంది. మగపెళ్ళివారు ఇంటికి వస్తారు. కప్పు చూస్తే మచ్చలు, పెచ్చులు.

"ఆ మచ్చలు కనబడకుండా మంచి రంగు వేయించండిరా. పరువు పోతుంది" అంది అత్త.

"రంగెందుకమ్మా! కింద తెల్లటి సీలింగు కొట్టిస్తే మచ్చా కనబడదు, పెచ్చూ కనబడదు" అన్నాడు కొడుకు.

కోడలు రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం మనవడు చాప మీద పడుకుని లేచి ఆడుకోవడానికి వెళ్ళాడు. కాసేపటికి ఆ చాప మీదే చెయ్యంత పెచ్చు పడింది. కోడలు దాన్ని ఊడ్చెయ్యలేదు. పళ్ళెంలో పెట్టి అత్త ముందు పెట్టింది.

"అత్తయ్యా, ఇది ఎంత బరువుందో పట్టుకు చూడండి. రంగు వేస్తే ఇది పడడం మానుతుందా? కింద సీలింగు కొడితే ఇది దాని మీద పడుతుంది. అప్పుడు రెండూ కలిసి మన నెత్తిన పడతాయి. పెళ్ళిలో ఈ గదిలోనే కదా చుట్టాలు పడుకునేది?"

అత్త ఆ పెచ్చును చేతిలో పట్టుకుంది. ఒకవైపు ఎర్రటి తుప్పు గీత ఉంది. ఆమె మనవడి చాప వంక చూసింది.

"మేస్త్రిని పిలిపించరా" అంది కొడుకుతో.

పైన పటారం, లోన లొటారం అన్న సామెత మనకు తెలుసు. చెమ్మ మీద రంగు వేయడం అలాంటిదే. ఒక వానకు ఆ రంగు పొక్కుతుంది. సీలింగు కొడితే ఇంకా ప్రమాదం. లోపల ఏం జరుగుతోందో కళ్ళకు కనబడదు.

ముందు పైన, తరువాత కింద

మేస్త్రి వచ్చి ముందు డాబా ఎక్కాడు. అది మంచి మేస్త్రి లక్షణం. నీళ్ళు పైనుంచి వస్తుంటే కింద ఎన్ని పూతలు పూసినా దండగే.

డాబా మీద ఏం చూడాలి? వాననీళ్ళు పోయే తూము ఆకులతో, మట్టితో మూసుకుపోయి ఉండవచ్చు. గోడ మొదట్లో రావిమొక్క మొలిచి ఉండవచ్చు. మొక్కను పైపైన తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో సహా తియ్యాలి. పగుళ్ళను ఉలితో కొంచెం వెడల్పు చేసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, తడిపి, నీరు దిగకుండా చేసే మందు కలిపిన సిమెంటుతో పూడ్చాలి. డాబా వాలు తూము వైపే ఉండాలి. 10 అడుగుల పొడవుకు అంగుళం పైన వాలు ఉంటే నీళ్ళు నిలవవు.

బాగుచేశాక నీళ్ళు కట్టి చూస్తారు. పైన కట్టిన నీళ్ళు ఒక రోజంతా ఉంచి, కింద చెమ్మ దిగుతోందేమో చూస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది మీద ఒక అంగుళం నీళ్ళు నిలిస్తే సుమారు 280 లీటర్లు. అంటే 280 కిలోల బరువు. అయిదు సిమెంటు బస్తాల కంటే ఎక్కువ. స్లాబు బలహీనంగా ఉంటే నీళ్ళు కట్టకూడదు. తడి గోనెసంచులు పరిచి చూస్తే చాలు.

ఈ పనికి వానలు వెనకబడ్డాక, సంక్రాంతి ముందు వెనకల మంచి అదను. స్లాబు ఆరి ఉంటుంది. ఎండ మరీ ముదరదు. పూత మెల్లగా గట్టిపడుతుంది.

పెచ్చులు రాల్చే రోజు

డొల్లగా ఉన్న పూతనంతా మనమే రాల్చాలి. అది తనంతట తాను రాలేదాకా ఆగకూడదు. గట్టిగా ఉన్నచోట మాత్రం ముట్టుకోనక్కరలేదు. "అంతా కొట్టేద్దాం" అని మేస్త్రి అంటే, ఎందుకు అని అడగాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఆ రోజు ఇంట్లో చేయవలసిన పనులు ఇవి.

గదిలో సామాను బయట పెట్టాలి. కరెంటు మెయిన్ ఆపాలి. ఫ్యాను విప్పి దించాలి. ఫ్యాను కొక్కెం తుప్పు పట్టిందేమో చూడాలి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను, ఉబ్బసం ఉన్నవాళ్ళను ఆ పూటకు వేరే ఇంట్లో ఉంచాలి.

పనిచేసేవాళ్ళు తలకు హెల్మెట్టు పెట్టుకోవాలి. కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పరంజా గట్టిగా ఉండాలి. కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద మనిషి, ఇలా ఎక్కకూడదు. సిమెంటు, సున్నం చేతులను తినేస్తాయి. రబ్బరు తొడుగులు వేసుకోవాలి. కంట్లో పడితే నలపకూడదు. పావుగంటసేపు మంచినీళ్ళతో కడుగుతూనే ఉండాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తట్టలు మోసేది, కంకర ఎత్తేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ తల కూడా తలే. హెల్మెట్టు మేస్త్రికి ఒక్కడికే కాదు. కూలి సంగతి కూడా అంతే. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఇంట్లో పని పెట్టించే ఇల్లాలు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఊచకు తుప్పు వదిలించాలి

పెచ్చు రాల్చగానే పూత పూసేస్తే ఏడాదిలో మళ్ళీ ఊడుతుంది. ఊచ చుట్టూ వదులు కాంక్రీటు తియ్యాలి. ఊచ వెనకవైపు కూడా తియ్యాలి. ఇనుప తీగల బ్రష్షుతో ఊచ మెరిసేదాకా రుద్దాలి. తరువాత తుప్పు పట్టకుండా చేసే మందు పూయాలి. ఊచ బాగా సన్నబడితే ఇంకో ఊచ కలపాలి. అది ఇంజినీరు చెప్పినట్టే చెయ్యాలి.

తరువాత ఆ చోటును తడిపి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే గుంట పూడ్చాలి. లోతు గుంటను ఒకేసారి పూడిస్తే బరువుకు జారిపోతుంది. అర అంగుళానికి మించకుండా, వరస మీద వరసగా పూడ్చాలి. లోతుగా ఉన్నచోట కోళ్ళ జాలీ కట్టి పూడిస్తే పట్టు ఉంటుంది.

బస్తా మీద ఏం రాసి ఉంది?

ఇక్కడే చదువు అక్కరకు వస్తుంది. సిమెంటు బస్తా మీద చాలా సంగతులు అచ్చువేసి ఉంటాయి. బరువు 50 కిలోలు అని ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. ధర ఉంటుంది. తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. అంకెలు వచ్చినవాళ్ళు వాటిని చదవగలరు. తయారై మూడు నెలలు దాటిన సిమెంటుకు బలం తగ్గుతుంది. బస్తా విప్పగానే చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా, మెత్తగా ఉంటే మంచిది. గడ్డలు కట్టి ఉంటే వాపసు ఇవ్వాలి.

ఇసుకను గుప్పిట్లో నలిపి చూడాలి. చేతికి మట్టి అంటుకుంటే ఆ ఇసుక పనికిరాదు. ఉప్పు ఇసుక అసలే వద్దు. నీళ్ళు తాగే నీళ్ళంత మంచివి కావాలి.

ఎన్ని బస్తాలు కావాలి?

"నాలుగు బస్తాలు తెప్పించండమ్మా" అన్నాడు మేస్త్రి.

కోడలు టేపు తెచ్చింది. గది పొడవు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. పలకమీద రాసింది. 12ను 10తో గుణిస్తే 120. అంటే 120 చదరపు అడుగులు.

కప్పుకు పూత పలచగా ఉండాలి. 6 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం చాలు. మందంగా పూస్తే తన బరువుకు తానే ఊడుతుంది. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ఇసుక కలపాలి. ఈ లెక్కన 120 చదరపు అడుగుల కప్పుకు, వృథా పోయేదానితో కలిపి, 40 కిలోల సిమెంటు పడుతుంది. అంటే బస్తాకు లోపే. ఇసుక సుమారు మూడు ఘనపుటడుగులు.

"మేస్త్రిగారూ, పూతకు ఒక బస్తా సరిపోతుంది కదా! మిగతా మూడూ దేనికి?" అని అడిగింది.

మేస్త్రి ముందు ఆశ్చర్యపోయాడు. తరువాత నవ్వాడు. "గుంటలు లోతుగా ఉన్నాయమ్మా. పైన పగుళ్ళు కూడా ఉన్నాయి. ఒకేసారి ఎక్కువ చెబితే మళ్ళీ మళ్ళీ తిరిగే పని ఉండదని నాలుగన్నాను."

"అయితే దేనికెంతో విడివిడిగా రాసుకుందాం. ముందు రెండు తెప్పిద్దాం. చాలకపోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. మిగిలిన బస్తా మూలన పెడితే గడ్డకట్టి పోతుంది కదా!"

మేస్త్రి ఒప్పుకున్నాడు. రెండు బస్తాలతో పని అయిపోయింది. మేస్త్రి మోసగాడు కాదు. కాని లెక్క అడిగేవాళ్ళు లేకపోతే ఎవరి చేతైనా అంచనా పెరుగుతుంది.

పూత, తడుపు

పూతకు ముందు స్లాబుకు ఉలితో గాట్లు పెట్టాలి. దుమ్ము కడిగెయ్యాలి. కలిపిన మాలు అరగంటలో వాడెయ్యాలి. గట్టిపడ్డ మాలులో మళ్ళీ నీళ్ళు పోసి వాడకూడదు.

పూత పూసిన మరునాటి నుంచి కనీసం 7 రోజులు తడపాలి. కప్పుకు నీళ్ళు ఎలా నిలుస్తాయి? నిలవవు. అందుకని చేతిపంపుతో చిలకరించాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చిలకరిస్తే మేలు. మేస్త్రి వెళ్ళిపోతాడు. ఈ ఏడు రోజుల పని ఇంట్లోవాళ్ళదే. తడుపు తగ్గితే పూత బీటలు వారుతుంది. పెట్టిన డబ్బు నేలపాలవుతుంది.

పూర్తిగా ఆరాకే వెల్ల వేయాలి. ఆ ఇంట్లో పెళ్ళికి ముందు రంగు వేయడానికి గడువు చాలలేదు. సున్నం వెల్ల వేశారు. మగపెళ్ళివారు వచ్చారు. కప్పు రంగు ఏమిటని ఎవరూ అడగలేదు. చుట్టాలు ఆ గదిలోనే నిశ్చింతగా పడుకున్నారు.

పాత సున్నపు మిద్దెలు

కొన్ని ఊళ్ళలో తాతలనాటి మిద్దెలున్నాయి. టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు, సున్నం. గానుగలో తిప్పిన సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. సున్నం మెత్తన. గోడకు, కప్పుకు పట్టిన చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంటు గట్టిది. చెమ్మను వదలదు. సున్నం మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు సిమెంటు పూత సున్నాన్ని కూడా లాక్కుని ఊడుతుంది. అందుకని సున్నపు మిద్దెకు సున్నమే మందు. దూలాలకు చెదలు పట్టిందా, గోడలో దూరిన కొసలు పుచ్చాయా అన్నది ముందు చూడాలి.

కాగితం మీద రాసుకోవాలి

మాట మీద పని పెట్టుకుంటే చివర్లో తగువు వస్తుంది. తెల్లకాగితం మీద అయిదు సంగతులు రాసుకుంటే చాలు.

1. ఏ ఏ పని చెయ్యాలి. పైన ఏమిటి, కింద ఏమిటి.
2. సామాను ఎవరు తెస్తారు.
3. కూలి రోజు లెక్కనా, చదరపు అడుగు లెక్కనా.
4. డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి. పని ముందే మొత్తం ఇవ్వకూడదు.
5. పని ఎన్ని రోజుల్లో పూర్తి కావాలి.

కింద తేదీ వేసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఒకనాడు వేలిముద్ర వేసిన చేయి ఇప్పుడు సంతకం చేస్తుంది. సంతకం చేసేముందు చదువుతుంది కూడా. కొన్న సామానుకు రసీదులు దాచుకోవాలి.

డబ్బుకు వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తకూడదు. పొదుపు సంఘంలో అప్పు అడగవచ్చు. కాలనీలో నాలుగు ఇళ్ళకు ఇదే జబ్బు ఉంటే నలుగురూ కలిసి పని పెట్టించుకోవచ్చు. ఇసుక ఒకే బండిలో వస్తుంది. పరంజా ఒకటే సరిపోతుంది.

గుర్తుంచుకోవలసినవి

రాలిన పెచ్చును ఊడ్చి ఊరుకోకూడదు. ఎక్కడి నుంచి పడిందో చూడాలి.

ఏటా వానలకు ముందు డాబా ఊడ్చి, తూము శుభ్రం చెయ్యాలి. ఇది ఒక పూట పని. ఖర్చు లేదు.

కర్రతో తట్టి చూడాలి. డొల్ల చప్పుడు వస్తే దాని కింద పిల్లలను పడుకోబెట్టకూడదు.

ముందు పైన బాగుచెయ్యాలి. తరువాత కింద.

ఊచ కనబడితే తుప్పు వదిలించాలి. స్లాబు కుంగితే గది ఖాళీ చెయ్యాలి, ఇంజినీరుకు చూపించాలి.

బస్తా మీది తేదీ చదవాలి. గది కొలిచి లెక్క వెయ్యాలి.

ఏడు రోజులు తడపాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ ఇంటి డాబా మీదికి ఎక్కి చూసి ఎన్నాళ్ళయింది? తూము ఎటువైపు ఉంది?

మీ గది పొడవు ఎంత? వెడల్పు ఎంత? ఎన్ని చదరపు అడుగులు? పలకమీద రాయండి.

మీ వీధిలో పెచ్చులు రాలే ఇళ్ళు ఎన్ని ఉన్నాయి? ఆ ఇళ్ళ పట్టిక రాసి, అందరూ కలిసి అర్జీ తయారు చెయ్యండి.